కారిన చోట ఇంకో తట్ట

రోహిణి ఎండకు గోడ పెచ్చులూడే మధ్యాహ్నం
బీరువా అడుగునుంచి పాలసీ కాగితాలు తీసినా.
బయట ఒక్క మబ్బు లేదు.
హంద్రీలో పిల్లోళ్లు క్రికెట్ ఆడుతున్నారు,
వికెట్లకు మూడు తుమ్మకట్టెలు.
ఇట్లాంటి రోజు నీళ్ల గురించి చదవడం
పెళ్లిపందిట్లో వీలునామా విప్పినట్టుంది.

పొద్దున్నే మద్దిలేటి ఫోన్ చేసినాడు:
"అక్కా, ఇరవై లోపల కట్టాల.
కట్టేముందు ఒకతూరి చదువుకో.
పోయినేడు నువ్వూ చదవలే, నేనూ చదవలే."
ఏజెంటు నోట ఇంత నిజం
నేనెప్పుడూ వినలేదు.

పదహారు పేజీలు. చీమల బారు అక్షరాలు.
పాతికేళ్లుగా బైండింగు చేస్తున్న చేతులివి,
పట్టుకుంటే చాలు, కాగితం బరువు చెప్తాయి.
ఇది డెబ్భై గ్రాములది.
నీళ్లలో పడితే గంటసేపు నిలవదు.

మూడో పేజీలో వరద ఉంది.
ఏడో పేజీలో ముంపు ఉంది.
రెండింటి నడుమ మా గడప ఉంది.
పైనుంచి కురిస్తే ఒక లెక్క,
పక్కనుంచి వస్తే ఒక లెక్క,
మోరీలోంచి ఎగదన్నితే
అది ఏ లెక్కలోకీ రాదంట.
నీళ్లొచ్చిన ఏడు మా ఇంట్లోకి
మూడు దారుల్లోనూ వచ్చినాయి.
మంచం మీద బల్ల, బల్ల మీద స్టూలు,
స్టూలు మీద పిల్ల.
ఏది ముందొచ్చిందని
ఎవరు చూసినారు?

'కట్టడం రకం' అని ఒక గడి.
పక్కానా, కచ్చానా, టిక్కు పెట్టాల.
కింద బేతంచెర్ల బండలు,
ముందు గదికి స్లాబు,
వెనక గదికి ఇంకా చవుడు మిద్దె.
టిక్కు యాడ పెట్టాల మద్దిలేటీ,
గడప మీదనా?

ఏటా ఈ దినాల్లోనే
మా సుంకులవ్వ మిద్దెకు చవుడు తోలించేది.
ఒక బండి చవుడు, నలుగురు మనుషులు,
నిచ్చెన మీద తట్ట వెనక తట్ట.
చీమలు గుడ్లు మోసుకునే లోపల
దిమ్మిస చప్పుడు ఆగిపోవాల.
కూలి డబ్బులతో పాటు
రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి.
షరతు ఒక్కటే,
కారితే, కారిన చోట ఇంకో తట్ట.
సంతకాలెవరూ పెట్టలే.

వస్తువుల పట్టిక.
ఫ్రిజ్జు. మిక్సీ. కటింగు మిషను,
తుప్పు పట్టింది గానీ తెగుతాది.
కొన్న ధర, ఏటికింత తరుగు,
మిగిలింది విలువ.
ఆ లెక్కన మా కుక్కరు
కంపెనీకే బాకీ ఉండాది.

పదకొండో పేజీ కింద, ఇంకా సన్నగా,
'మీ వద్దనున్న ఇతరుల సొత్తుకు వర్తించదు.'

చదివి అక్కడే ఆగిపోయినా.
అలమరా నిండా ఇతరుల సొత్తే.
స్కూలు రిజిస్టర్లు, ఎవరివో రాత పుస్తకాలు,
దర్జీ హుసేనప్ప కొలతల చిట్టా.
ఆ ఏడు ఇదే అలమరాలో, కింది అరలో
ఖైరున్ ఇచ్చిన ఖాతా పుస్తకం ఉండె.
వాళ్ల అబ్బా రాసింది, ఉర్దూలో,
ఎవరికెంత నెయ్యి అప్పిచ్చినాడో.
కొత్త అట్ట వేయమని ఇచ్చింది.
నీళ్లు తీసినాక చేతికి ముద్ద వచ్చింది,
నీలం సిరా కారుతా.
ఆమె అడగలే.
నేను చెప్పలే.
రోజూ కరివేపాకు ఇచ్చిపుచ్చుకుంటానే ఉన్నాం.

గోడ మీద నీటిగీత మీద
మూడుసార్లు రంగేసినాం.
చెయ్యి పెడితే ఇప్పటికీ తెలుస్తాది,
నా రొమ్ము ఎత్తు.
పుస్తకాలన్నీ గీతకు జానెడు పైకి ఎక్కించినా.
చెమటకు రవిక తడిసింది.

మద్దిలేటికి ఫోన్ చేసినా.
"పరాయి సొత్తుకు వేరేగా కట్టొచ్చా?"
"కట్టొచ్చక్కా, మూడొందల నలభై.
ఎవరిది ఏందో పేర్లు రాయాల మరి."

రాయడానికి కూర్చున్నా.
పెన్ను మొదట రాసింది ఖైరున్ పేరు.
లేని పుస్తకానికి
ఏ కంపెనీ బీమా ఇస్తాది?
కొట్టేసినా.
కొట్టేసినా కింద పేరు కనపడుతానే ఉండాది.

లేచి చెప్పులేసుకున్నా.
వాళ్ల వాకిలికి పద్నాలుగు అడుగులు,
ఇన్నేళ్లకు ఈ పొద్దు లెక్కపెట్టినా.
తలుపు తెరిచే ఉంది.
లోపల ఖైరున్ బియ్యం చెరుగుతోంది,
తలెత్తి,
"కరివేపాకా?" అంది.